నీలం మూత

నాది తొందర చెయ్యి. ప్లగ్గు తీయాలంటే వైరు పట్టుకుని గుంజుతాను. సొరుగు తెరిస్తే లోపలున్న కత్తెరలన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి గుద్దుకుంటాయి. ఫోన్‌లో నా మాట అయిపోగానే కట్ చేసేస్తాను, అవతలివాళ్ల మాట అయిందో లేదో నాకు పట్టదు. చాలాకాలం దీన్ని గొప్పగా కూడా చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఎంబ్రాయిడరీ మీద బతుకుతున్నదాన్ని, చేతిలో చురుకు లేకపోతే ఈ పనిలో నెగ్గుకురాలేమని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేదాన్ని. ఆ చురుకే నా చెల్లెల్ని ఇంట్లోంచి పంపేసిందని తెలియడానికి పదకొండు నెలలు పట్టింది.

మా ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. వెనక గదిలో వంట, పడక. ముందు గదంతా పని. కిటికీ పక్కన మిషన్, ఎదురు గోడకి కంప్యూటర్, మధ్యలో గుడ్డ కోసే బల్ల. స్కూలు బ్యాడ్జీలు, తువ్వాళ్ల మీద అక్షరాలు, దిండు గలీబుల మీద పువ్వులు, టోపీల మీద కంపెనీ గుర్తులు, ఏది తెచ్చినా కుడతాను. మిషన్ నాది, కంప్యూటర్ పొట్టిదానిది. అలాగని ఎక్కడా రాసుకోలేదు గానీ ఒకరి కుర్చీలో ఒకరం కూర్చునేవాళ్లం కాదు.

పొట్టిదంటే నా చెల్లెలు. నాకన్నా పద్నాలుగేళ్లు చిన్న. ఇప్పుడు నాకన్నా జానెడు పొడుగు, అయినా పేరు మారలేదు. అమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్లు. జడ వేసింది నేను, లెక్కలు చెప్పింది నేను, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది నేను. అది పెద్దదై కంప్యూటర్ నేర్చుకుంది. పువ్వు బొమ్మ గీయడం వేరు, దాన్ని కుట్టుగా మార్చడం వేరు. ఏ రేక ముందు, ఏ రేక తర్వాత, సూది ఎటునుంచి ఎటు పోవాలి, దారం ఎక్కడ తెగాలి, ఇదంతా ఒక్కో పోటు చొప్పున కంప్యూటర్‌లో చెప్పాలి. అది చెప్పేది. తర్వాత ఆ డిజైన్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నాలుగడుగులు నడిచి మిషన్‌కి గుచ్చితే, మిగతాది నా పని.

ఆ నాలుగడుగుల దగ్గరే మాకు రోజూ గొడవ. కాపీ అయిందని తెర మీద కనబడగానే నేను చెయ్యి చాపేదాన్ని. అది తన చెయ్యి అడ్డం పెట్టేది.

"ఆగక్కా. అడిగి తియ్యాలి."

"ఎవర్నే అడిగేది? నా ఇంట్లో, నా బల్ల మీద, నా పెన్‌డ్రైవ్ తీసుకోడానికి ఈ డబ్బాగారి అనుమతి కావాలా?"

"అయిపోయిందని పైకి చెప్తుంది గానీ లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. నువ్వు చెప్పవూ, అయిపోయిందండీ, ఇస్త్రీ ఒక్కటే మిగిలిందండీ అని? అప్పటికి సగం కూడా కుట్టి ఉండవు. ఇదీ నీ బాపతే."

నీకు నోరెక్కువైంది అని ఊరుకునేదాన్ని.

చివరికి అదే ఒక పద్ధతి పెట్టింది. బిస్కెట్ డబ్బాది నీలం రంగు రేకు మూత ఒకటి మిషన్ పక్కన పెట్టింది. ఇప్పుడు తీయవచ్చు అని కంప్యూటర్ చెప్పాక తనే పెన్‌డ్రైవ్ తీసి ఆ మూతలో వేస్తుంది. టంగుమంటుంది. మూతలో ఉంటే నేను తీసుకోవచ్చు. కంప్యూటర్‌కే ఉంటే దాని జోలికి పోకూడదు. చేతికి చెయ్యి ఇచ్చుకోవడం కూడా లేదు, ఎందుకంటే నేను అందుకోవడం పేరుతో లాక్కుంటానట. ఆరేళ్లపాటు మా ఇంట్లో ఏ పనైనా ఆ టంగుతోనే మొదలైంది. నేను విసుక్కుంటూనే దానికి అలవాటు పడ్డాను. పడ్డానంటే పూర్తిగా కాదు, అప్పుడప్పుడూ అది గదిలో లేనప్పుడు లాగేసేదాన్ని. ఎప్పుడూ ఏమీ కాలేదు.

శాలువా తెచ్చింది టీచరమ్మ. వెనక వీధి స్కూల్లో పాఠాలు చెబుతుంది. వాళ్లమ్మగారి శాలువా అది, బూడిద రంగు ఉన్ని, ఎన్ని ఉతుకులు చూసిందో ఏమో, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అవతల వేళ్లు కనబడుతున్నాయి. ఒక మూల కొమ్మ, దానికి ఐదు పువ్వులు కుట్టమంది. ఆవిడ పెంచిన మొక్కకి అలాంటివే పూసేవని ఒక పాత ఫొటో కూడా ఇచ్చింది. పొట్టిది ఆ కొమ్మతో నాలుగు రోజులు కూర్చుంది. ఐదు పువ్వులకి నాలుగు రోజులేమిటే, తోట వేస్తున్నావా అని సణిగాను. అది నవ్వి ఊరుకుంది.

కుట్టే రోజు టీచరమ్మ దగ్గరుండి చూస్తానని వచ్చి నిలబడింది. పక్కన ఎవరైనా నిలబడితే నా చేతికి ఇంకాస్త చురుకొస్తుంది. శాలువాని ఫ్రేములో బిగించి సిద్ధంగా ఉన్నాను. పొట్టిది డిజైన్‌ని పెన్‌డ్రైవ్‌కి పంపి, పువ్వులకి కావలసిన లేత రంగు రీలు వెతకడానికి వెనక గదిలోకి వెళ్లింది. కాపీ అయిందని తెర మీద ఉంది. మూత ఖాళీగా ఉంది. నేను లేచి వెళ్లి పెన్‌డ్రైవ్ పట్టుకుని లాగి, తెచ్చి మిషన్‌కి గుచ్చాను. ఆ సంగతి అక్కడికక్కడే మర్చిపోయాను. చేతికి అలవాటైన పనులు బుర్రదాకా రావు.

మిషన్ మొదలైంది. కాసేపటికి పొట్టిది రీలు పట్టుకుని వచ్చింది. నా వెనక నుంచి "అక్కా, ఒక్క నిమిషం" అంది. నేను వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి రీలు మాత్రం అందుకున్నాను. కొమ్మ అయింది, మూడు ఆకులు అయ్యాయి, మొదటి పువ్వులో రెండు రేకులు కుట్టి మిషన్ ఠక్కున ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. టీచరమ్మ చూస్తోంది. నేను మళ్లీ మీట నొక్కాను. అది మొదటికి వెళ్లి కుట్టిన కొమ్మ మీదే మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. అంత పలచటి ఉన్ని రెండోసారి ఆ పోట్లు తట్టుకోలేదు. నేను ఆపేసరికి కొమ్మ ఉన్నచోట బొటనవేలు పట్టేంత చిరుగు. టీచరమ్మ చిరుగు మీద అరచెయ్యి కప్పి అలాగే నిలబడింది.

నా తల కొట్టేసినట్టయింది. అది మింగలేక పొట్టిదాని మీద విరుచుకుపడ్డాను.

"నీ ధ్యాస ఎక్కడుందే! నాలుగు రోజులు కూర్చుని సగం పువ్వు గీసి ఇస్తావా?"

"నేను పూర్తిగానే ఇచ్చానక్కా."

"అయితే మిషన్ అబద్ధాలాడుతోందా?"

అది ఏదో అనబోయి టీచరమ్మ వంక చూసి ఆగిపోయింది. అక్కడితో నేను కూడా ఆగుండాల్సింది. నా నోరు కూడా నా చెయ్యి లాంటిదే.

"అమ్మ పోయిన రోజు పిన్ని నిన్ను తీసుకెళ్తానంది. పంపెయ్యాల్సింది. నాకీ పీడ ఉండేది కాదు."

టీచరమ్మ శాలువా మడత పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. పొట్టిది కంప్యూటర్ ముందు కూర్చుని ఏమీ జరగనట్టు పని చేసుకుంది. తర్వాత తొమ్మిది రోజులు మా ఇంట్లో అవసరమైన మాటలు తప్ప మాటల్లేవు. పదో రోజు పొద్దున్న అది బట్టల బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చి నీలం మూతలో పెన్‌డ్రైవ్ వేసింది.

"నలభై డిజైన్లున్నాయి ఇందులో. ఒప్పుకున్న పనులన్నిటికీ సరిపోతాయి."

బస్సులో మూడు గంటల దూరంలో ఒక పెద్ద ఎంబ్రాయిడరీ ఫ్యాక్టరీలో పని దొరికిందని, ఉండటం హాస్టల్లో అని చెప్పింది. నేను బాబిన్‌కి అడుగు దారం చుడుతున్నాను. తలెత్తకుండా "సరే" అన్నాను. పోతే పోయింది, నాలుగు రోజులకి తనే వస్తుందనుకున్నాను.

రాలేదు. నెలకొకసారి మెసేజ్ వచ్చేది. బాగున్నాను, నువ్వు? అని. బానే, అని నేను. పదకొండు నెలల్లో మేం రాసుకున్నదంతా కలిపితే ఒక దిండు గలీబు మీద పడుతుంది. ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. తప్పు చేసింది అది, చెయ్యాల్సింది అది, నేనెందుకు దిగిరావాలని పంతం. కానీ పంతం పక్కన కూర్చుని అన్నం తినదు కదా. ఇద్దరికి సరిపడా వండేసి రెండు పూటలా అదే తినేదాన్ని. కిటికీలోంచి కింద బస్సు స్టాపు కనబడుతుంది. బస్సు ఆగిన ప్రతిసారీ దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒక కన్ను అటు వేసేదాన్ని. ఎవరూ చూడటం లేదు గనక ఇప్పుడు ఒప్పుకోవచ్చు, దిగినవాళ్లలో పొడుగ్గా ఉన్నవాళ్లని లెక్కపెట్టేదాన్ని.

మాట్లాడేది మిషన్‌తోనే. ఏమే, ఇవాళ నీకు నూనె వేశానా లేదా, అంటే అది కుయ్యిమనేది. పని ఇవ్వడానికి వచ్చినవాళ్లు మీ చెల్లెలు కనబడటం లేదేమని అడిగితే, పై పనులు నేర్చుకోడానికి వెళ్లిందని చెప్పేదాన్ని. ఇంత తొందర మనిషిని, ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం నిదానంగా, నవ్వుతూ చెప్పేదాన్ని. కంప్యూటర్ కుర్చీలో కుట్టేసిన తువ్వాళ్లు పేర్చేదాన్ని, ఖాళీగా కనబడకుండా.

పెన్‌డ్రైవ్‌ని ఆ పదకొండు నెలలూ మిషన్‌కే వదిలేశాను. నలభై డిజైన్లూ దాన్లోనే ఉన్నాయి గనక కంప్యూటర్ ముట్టుకోవలసిన పని పడలేదు. నలభై అయిపోయాక ఈ మధ్య ఒక బేకరీవాళ్లు వచ్చి ఏప్రన్ల మీద గోధుమ కంకి గుర్తు కుట్టమన్నారు. రెండేళ్ల కిందట వాళ్లకే కుట్టాం, డిజైన్ కంప్యూటర్‌లో ఉంటుంది. సరే, నేనేమన్నా చదువు రానిదాన్నా అనుకుని, తువ్వాళ్లు దించి ఆ కుర్చీలో కూర్చున్నాను. అరగంట వెతికి కంకి పట్టుకున్నాను. పెన్‌డ్రైవ్‌లోకి పంపాను. కాపీ అయిందంది. లాగాను. నాలుగడుగులు వేసి మిషన్‌కి గుచ్చి, ఏప్రన్ బిగించి మీట నొక్కాను.

కాడ కుట్టింది. కంకికి ఎడమవైపు గింజలన్నీ కుట్టింది. కుడివైపు మూడో గింజ దగ్గర ఠక్కున ఆగింది.

"నీ ధ్యాస ఎక్కడుందే!" అని వెనక్కి తిరిగి అరిచాను.

కుర్చీ ఉంది. కుర్చీ పక్కన నేల మీద తువ్వాళ్లు ఉన్నాయి. తిట్టించుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. కంకి డిజైన్‌లో లోపం లేదు, దాంతో రెండొందల ఏప్రన్లు నా చేత్తో కుట్టాను. మిషన్‌ని పదిహేను రోజుల కిందటే మెకానిక్ విప్పి చూసి బాగు చేసి వెళ్లాడు. తప్పు వేయడానికి ఒక్కొక్కరినీ తీసేస్తూ వస్తే చివరికి గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టె కనబడింది. పూర్తిగా రాయకముందే పెన్‌డ్రైవ్ తీసేశారు, కొంత పోయి ఉండవచ్చు అని. ఎంత మర్యాద! శాలువా రోజు ఖాళీగా ఉన్న మూత, ఆ పెన్‌డ్రైవ్ చుట్టూ నా వేళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

అయినా నా తప్పుని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాదు. గుడ్డ ముక్క మీద కుట్టి చూస్తేగానీ ఏదీ నమ్మను. కంప్యూటర్ పక్క గోడకి పొట్టిది ఎప్పుడో ఒక చీటీ అంటించిన గుర్తు. దాని మీద నేను దారాల రంగుల అట్ట అంటించేశాను, ఆ రాతలు నాకు అక్కర్లేదని. అట్ట పీకితే కింద చీటీ అలాగే ఉంది, గుండ్రటి అక్షరాలతో. ముందు డిజైన్ మూసెయ్యి అక్కా. తర్వాత కింద కుడి మూలనున్న చిన్న బాణం నొక్కు. పెన్‌డ్రైవ్ బొమ్మ కనబడుతుంది, దాని మీద నొక్కి తీస్తానని చెప్పు. ఇప్పుడు తీయవచ్చు అనేదాకా చేతులు ఒళ్లో పెట్టుకో. అన్నాక తీసి మూతలో వెయ్యి. చేతులు ఒళ్లో అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

మొదటిసారి అడిగితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. పెన్‌డ్రైవ్‌ని ఇంకా ఎవరో వాడుతున్నారు, కాసేపాగి ప్రయత్నించండి అంది. ఎవరు వాడుతున్నారు? ఈ ఇంట్లో నేను తప్ప నరమానవుడు లేడు. ఒక్క క్షణం, నవ్వకండి, వెనక గది వైపు చూశాను. తర్వాత అర్థమైంది, డిజైన్‌ని నేనే మూయలేదు. మూసి మళ్లీ అడిగితే ఒప్పుకుంది.

ఆరు గుడ్డ ముక్కలు కోశాను. మూడుసార్లు నా పద్ధతిలో లాగాను, మూడుసార్లు చీటీలో చెప్పినట్టు అడిగి తీశాను. లాగినవాటిలో ఒకటి పూర్తిగా వచ్చింది, రెండు సగంలో ఆగాయి. అడిగి తీసిన మూడూ ఆఖరి గింజదాకా కుట్టాయి. ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచి చూస్తూ కూర్చున్నాను. లాగినా పూర్తిగా వచ్చిన ఆ ఒక్క ముక్కని చూస్తే ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఏమీ కాలేదని నేను మురిసిపోయింది ఆ అదృష్టాన్ని చూసుకునే.

తర్వాత శాలువా కోసం వెతికాను. ఒకటి కాదు, ఏడున్నాయి. శాలువా ఒకటి, శాలువా రెండు, అలా ఏడుదాకా. ఒక్కొక్కటే తెరిచాను. ఏడిట్లోనూ అదే కొమ్మ, అవే ఐదు పువ్వులు, ఏదీ సగం కాదు. మరి ఏడెందుకంటే, ఒక్కోదానిలో పోట్లు తగ్గుతూ వచ్చాయి. మొదటిదానిలో నేను రోజూ కుట్టేంత చిక్కగా ఉన్నాయి. ఏడోదానికి వచ్చేసరికి సూది ఆ ఉన్నిని తాకీ తాకనట్టు వెళ్లేలా, అంత పలచగా. నాలుగు రోజులూ అది చేసింది ఆ పని. పాత గుడ్డ నొప్పెట్టకుండా ఎలా కుట్టాలా అని ఆలోచించింది. నేను తోట వేస్తున్నావా అన్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోవలసిన అవసరం లేదు గనక ఏడ్చాను.

టీచరమ్మకి కూడా చెప్పాలి. ఆ గుమ్మం ఎక్కడం నాకు తేలిక కాదు. కానీ ముందు చెప్పవలసింది పొట్టిదానికి. తప్పు నాదని చెప్పాక అది తిరిగొస్తే వస్తుంది, ఇక ఎప్పటికీ మాట్లాడనన్నా అనేయవచ్చు. మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల వేళ చూసుకుని ఫోన్ చేశాను.

"అక్కా? ఏమైంది?" అంది కంగారుగా. పదకొండు నెలల్లో నేను చేయడం అదే మొదటిసారి, ఎవరో పోయారనుకున్నట్టుంది.

"ఏం కాలేదు. ఒక్క మాట అడగాలి. శాలువా రోజు నువ్వు రీలు తెచ్చేసరికి కంప్యూటర్ మీద ఏమైనా రాసి ఉందా?"

అటునుంచి పళ్లెం పక్కకి జరిపిన చప్పుడు వినబడింది.

"ఉంది."

"ఏమని?"

"పూర్తిగా రాయకముందే తీసేశారని."

"నువ్వేం చేశావు?"

"మూసేశాను. టీచరమ్మ అటే చూస్తోంది. నీతో మెల్లగా చెబుదామని ఒక్క నిమిషం అన్నాను."

"నేను ఆగలేదు."

"నువ్వెప్పుడాగావక్కా" అంది. దెప్పినట్టు లేదు. దారం రంగు చెప్పినట్టు చెప్పింది.

"తర్వాతైనా చెప్పాల్సింది కదే."

"చెప్పేదాన్నే. ఈలోపు నువ్వు పిన్ని సంగతి ఎత్తావు. ఇక పువ్వు ఎవరివల్ల ఆగిందన్నది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు."

తెలిసే వెళ్లిందన్నమాట. తొమ్మిది రోజులు నా ఎదురుగా కూర్చుని నలభై డిజైన్లు చేసింది, ఒక్కసారైనా వేలెత్తి చూపలేదు. నేనేమో, పోతే పోయిందనుకున్నాను.

"తప్పు నాది పొట్టీ. పువ్వూ నాదే, ఆ మాటా నాదే. పిన్ని అడిగినప్పుడు నేను నిన్ను పట్టుకుని వెనక గదిలో తలుపేసుకున్నాను. పిన్ని వెళ్లిపోయేదాకా తీయలేదు. చచ్చినా ఇచ్చేదాన్ని కాదు. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు."

"గుర్తుంది" అంది. "చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నావో, రెండు రోజులు నొప్పెట్టింది."

ముక్కు ఎగబీల్చడం వినబడింది, ఎవరిదో చెప్పలేను.

"వచ్చెయ్యవే" అన్నాను.

"రానక్కా."

నా బొటనవేలు ఫోన్ కట్ చేసే ఎర్ర గుర్తు మీదికి తనంతట తనే వెళ్లింది. బలవంతాన వెనక్కి తీసుకుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకున్నాను.

"కోపంతో కాదక్కా. ఇక్కడ నాకంటూ ఒక గది ఇచ్చారు. నేను చేసిన డిజైన్‌ని నలభై మిషన్లు ఒక్కసారే కుడతాయి. నాకు బాగుంది. అక్కడికొస్తే మళ్లీ నీ చెల్లెల్ని అయిపోతాను, అంతే." కాస్త ఆగి, "అక్కా, ఉన్నావా?" అంది.

"ఉన్నాను."

"కట్ చేశావనుకున్నా."

"చెయ్యలేదు."

"ఆ శాలువా డిజైన్ ఉందిగా, ఏడోది. అది పూర్తిగా కుట్టడం నేను వినలేదు. ఇక్కడ మిషన్లు అద్దానికి అవతల ఉంటాయి, చప్పుడు రాదు. ఒకసారి వేస్తావా?"

ఫోన్‌ని బల్ల మీద పెట్టి మాట వినబడేలా చేశాను. ఏడో డిజైన్‌ని పెన్‌డ్రైవ్‌కి పంపాను. మూశాను. బాణం నొక్కాను. అడిగాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు తీయవచ్చు అన్నాక తీసి, నాలుగడుగులు నడిచి మూతలో వేశాను. టంగుమంది. ఫోన్‌లో పొట్టిది ఊపిరి బిగబట్టడం వినబడింది. అప్పుడు మూతలోంచి తీసి మిషన్‌కి పెట్టాను.

పాత దుప్పటి ముక్క ఒకటి బిగించి మీట నొక్కాను. పొట్టిది కళ్లతో చూడకపోయినా చెవితో చూస్తుంది.

"కొమ్మ" అంది. "ఇప్పుడు కింది ఆకు. రెండో ఆకు. దారం కాస్త బిగువుగా ఉంది, సడలించు." సడలించాను. "మూడో ఆకు. ఇక పువ్వులోకి వస్తోంది."

మొదటి రేక అయింది. రెండో రేక అయింది. ఆ రోజు ఆగిన చోటికి వచ్చింది. సూది ఒక్క అర క్షణం పైకి లేచి, పక్కకి జరిగి, మూడో రేకలోకి దిగింది. తర్వాత నాలుగోది, ఐదోది. పొట్టిది మెల్లగా పువ్వులు లెక్కపెట్టింది, రెండు, మూడు, నాలుగు అని. మధ్యలో దాని ఫ్యాక్టరీ బెల్లు మోగింది, అయినా వెళ్లలేదు. మిషన్ చివరి దారం తెంపి కుయ్యిమంది.

"ఐదు" అంది పొట్టిది.

దుప్పటి ముక్కని ఫ్రేములోంచి తీయకుండానే చూశాను. కొమ్మ, మూడు ఆకులు, ఐదు పువ్వులు. వేలితో రాస్తే గుడ్డ మీద కుట్టు ఉందో లేదో అన్నంత మెత్తగా ఉంది. బాగుందే అన్నాను. తనకి తెలుసంది. ఇక మాకు మాటలు అయిపోయాయి. అటువైపు ఎవరో దాన్ని పిలుస్తున్నారు.

"పొట్టీ" అన్నాను. "పెట్టేయనా?"

నా జన్మలో ఫోన్‌లో ఎవర్నీ ఆ మాట అడగలేదు. నేను వేలు ఎత్తి పట్టుకుని, నొక్కకుండా ఉన్నాను. అప్పటికప్పుడు వద్దంటుందేమో, ఇంకాసేపు ఉండమంటుందేమో అని ఎంత ఆశపడ్డానో నాకు తెలుసు.

"పెట్టెయ్యక్కా" అంది. "ఇప్పుడు పెట్టెయ్యొచ్చు."

పెట్టేశాను. మిషన్ ఆపి, పెన్‌డ్రైవ్ తీసి నీలం మూతలో వేశాను. టంగుమంది. రేపు పొద్దున్న అందులోంచి తీసుకునేది కూడా నేనే.